వేడికి కూర్చునే ఉప్పు

ఆ రోజు చేయవలసిన పనులు, నోటుపుస్తకం వెనక అట్ట మీద పెన్సిలుతో రాసుకున్నవి:

ఒకటి: ఫ్రిజ్‌లోంచి బీకరు తీయాలి.
రెండు: అడుగున చేరిన స్ఫటికాలను వడగట్టాలి.
మూడు: ఆరబెట్టి తూచాలి.
నాలుగు: చిన్న సీసాలో పోసి చీటీ అంటించాలి.
ఐదు: రికార్డులో రంగు రాయాలి. లేత గులాబీ అని ముందే రాశాను, సరిచూసుకుంటే చాలు.
ఆరు: నాన్నకి వరండాలో బల్ల చూపించి కూర్చోమనాలి. యంత్రాల జోలికి వెళ్లొద్దని చెప్పాలి.
ఏడు: మూడింటికి పరీక్ష చేయడానికి ఎందుకుసారు వస్తారు. ఏడవకూడదు.

మధ్యాహ్నం రెండు గంటలకి ఈ ఏడింటిలో పూర్తయినవి ఒకటోదీ ఆరోదీ, ఆ ఆరోది కూడా సగమే. నాన్న బల్ల మీద కూర్చున్న మాట నిజమే గాని పట్టుమని పది నిమిషాలు కూర్చోలేదు. ఇప్పుడు తలుపు అద్దానికి ముక్కు ఆనించి, ప్రయోగశాలలో నాలుగో బల్ల మీద ఆవిర్లు కక్కుతున్న నీటి తొట్టి వంక చూస్తున్నాడు. బట్టలుతికే కార్ఖానాలో ఇరవై ఏడేళ్లుగా బాయిలరు చూసుకుంటున్న మనిషికి ఎక్కడైనా ఆవిరి కనబడితే కాళ్లు ఆగవు. ఆ తొట్టిలో ఒక గాజు గిన్నె, గిన్నెలో నూట యాభై మిల్లీలీటర్ల ద్రవం, ఆ ద్రవంలో కరిగిపోయి నిదానం చదువు మొత్తం. నిదానం అన్నది తోటివాళ్లు పెట్టిన పేరు, పనులన్నీ చీటీ రాసుకుని వరసగా చేస్తుంది కాబట్టి. నాన్న గంజి పెట్టి ఇస్త్రీ చేసిచ్చిన తెల్లకోటు ఆమె ఒంటి మీద తలుపులా బిగిసి ఉంది. మూడింటిలోగా గిన్నె అడుగున స్ఫటికాలు పడితే పట్టా చేతికొస్తుంది. పడకపోతే ఇంకో ఏడాది. ఆ స్ఫటికాలు చేసే పొడి మళ్లీ తెప్పించాలంటేనే ఆరు నెలలు, ఎందుకంటే సీసా ఖాళీ అయింది, అడుగు గీకి మరీ తూచింది నిన్న, సరిగ్గా ఐదు గ్రాములు. ఇంటిమొత్తం మీద కాలేజీ గడప తొక్కింది తనొక్కతే. అమ్మ అయితే అప్పుడే ఎదురింటి కుట్టుమిషను ఆవిడతో “మా అమ్మాయి లోహం చేస్తుందట” అని చెప్పేసింది. లోహం కాదమ్మా, లోహం సల్ఫేటు అంటే, ఏదో ఒకటి, చేస్తున్నావా లేదా అంది. చేస్తున్నానమ్మా. చేస్తూనే ఉన్నాను.

నియోడిమియం సల్ఫేటు. ఎన్నిసార్లు అనుకున్నా నోట్లో ఇమడదు, కొత్త చెప్పు కాలికి ఇమడనట్టు. అరుదైన మట్టి లోహాలని ఒక గుంపు ఉంది, అందులో ఒకటి. పేరుకే అరుదు, నేలలో బాగానే దొరుకుతుందట, ఒకదాన్నుంచి ఒకటి విడదీయడమే గగనమట, పెళ్లి ఫొటోలో మేనత్త కూతుళ్లలాగా ఎవరు ఎవరో తేలదు. దాని ఆక్సైడు పొడిని సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన నీళ్లలో కొద్దికొద్దిగా వేసి కరిగించాలి, అప్పుడు సల్ఫేటు అవుతుంది, ఆ నీళ్లలోంచి స్ఫటికాలుగా దించాలి, ఒక్కో పలుకు తనతో పాటు ఎనిమిది నీటి అణువులను పట్టుకుని దిగుతుంది. అందుకే ఐదు గ్రాముల పొడికి పది గ్రాముల పైచిలుకు ఉప్పు రావాలని లెక్క. ఈ సంగతి చెబితే నాన్న రెండు రోజులు ఆలోచించి, “తడిబట్ట బరువు కదా, దీంట్లో వింతేముంది” అన్నాడు. వింతేమీ లేదు నాన్నా. వింతంతా నిన్న నేను చేసిన పనిలో ఉంది.

గడియారంలో రెండూ ఎనిమిది. థర్మామీటరు డెబ్బై దగ్గర ఉంది. కలపకూడదు, కదపకూడదు, మూత తీయకూడదు, చూడడం ఒక్కటే పని. చూస్తే ఏముంది, నీళ్లు. నిన్న కూడా ఇలాగే చూసింది, ఇదే గిన్నె, ఇదే తొట్టి. పొడి ఆమ్లంలో కరిగింది, ద్రవం తేటపడింది, సంతోషం. ద్రవం ఎక్కువగా ఉంది, సన్నగా కాచి చిక్కబరుద్దామనుకుంది. కాచింది. అడుగున ఏదో పొడిపొడిగా చేరింది. అయ్యో, కరగని ఆక్సైడు మిగిలిపోయిందే అనుకుంది. కరగనిదాన్ని ఏం చేస్తారు, వేడి చేస్తారు. ఇంట్లో నాన్న ఇరవై ఏడేళ్లుగా చెప్పేది అదే, ఏ మరకైనా ఇంకో పది డిగ్రీలు పెంచితే వదులుతుందని, సబ్బైనా జిడ్డైనా మనిషైనా వేడికి లొంగి తీరాలని. పది డిగ్రీలు పెంచింది. ఇంకాస్త చేరింది. మరో పది పెంచింది. అడుగంతా పరుచుకుంది. ఇదేం మొండిఘటం రా బాబూ అని తిట్టుకుని, సాయంత్రం నాలుగింటికి ఆ వేడివేడి ద్రవాన్ని కాగితంలో వడగట్టి, కాగితం మీద మిగిలిన చెత్తను చెత్తబుట్టలో పడేసి, కింద చేరిన తేటనీళ్లను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకుని ఫ్రిజ్‌లో పెట్టింది. రాత్రికి చల్లబడి స్ఫటికాలు పడతాయని. ఉప్పు బుట్టలో, నీళ్లు ఫ్రిజ్‌లో. బిడ్డను పారేసి ఉయ్యాల ఊపడం అంటే ఇదే కాబోలు. పొద్దున్న తీసి చూస్తే బీకరు అద్దంలా ఉంది. అందులో ఆమె ముఖం తప్ప ఇంకేమీ లేదు.

ప్రొఫెసరు సారు, అంటే ఆమె గైడు, వచ్చి బీకరు చూసి, ఆమెను చూసి, మళ్లీ బీకరు చూసి, “ఏమ్మా, పుస్తకం చదివావా?” అన్నారు. చదివాను సార్. “ఏ పేజీ దాకా?” చేసే విధానం దాకా చదివాను సార్. “గుణాలు తర్వాతి పేజీలో కదమ్మా ఉన్నది.” తర్వాతి పేజీ తిప్పితే మొదటి వాక్యమే అది. ఈ జాతి సల్ఫేట్లు చన్నీళ్లలో ఎక్కువ కరుగుతాయి, వేడి నీళ్లలో తక్కువ, వేడెక్కే కొద్దీ బయటికొస్తాయి. లోకంలో ఉప్పూ పంచదారా అన్నీ ఒక దారిన పోతే ఇది ఎదురుదారిన వస్తుందన్నమాట. ఒక్క కాగితం తిప్పి ఉంటే. వరసగా చేస్తుంది కదా ఆమె, చేసే విధానం అయ్యాక గుణాలు చదువుదామనుకుంది, చీటీలో అలాగే రాసుకుంది. సారు తల పట్టుకుని “సరే, ఎందుకుసారుకి ఏదో చెబుదాంలే” అంటూ తన గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. ఆయన చెమట తుడుచుకోవడం తలుపు వేసుకున్నా వినిపించింది. బయటి నుంచి పరీక్ష చేయడానికి వచ్చే ఆ పెద్దాయనంటే ఆయనకీ హడలే. ఏం చెప్పినా ఎందుకు అంటాడు, దానికి జవాబు చెబితే దానికీ ఎందుకు అంటాడు, అలా అడుగుతూపోతే నాలుగో ఎందుకు దగ్గర పిల్లలు దేవుడి మీద భారం వేస్తారు, ఐదో ఎందుకు దగ్గర ఏడుస్తారు. నిరుడు ఒకబ్బాయి మూడో దానికే మొదలుపెట్టాడట.

అప్పుడు వచ్చింది సీసాలత్త. ప్రయోగశాలలో గాజు సామాను కడిగే మనిషి. అందరికీ అత్తే, హెడ్డుగారికి కూడా. చదువుకోలేదు. గుడ్డతో బీకరు తుడుస్తూ కిర్రుమన్న చప్పుడును బట్టి అది శుభ్రపడిందో లేదో చెబుతుంది. చేతులు ఎప్పుడూ ముడతలు పడి తెల్లగా, ఇప్పుడే నీళ్లలోంచి తీసినట్టు. “ఏంటమ్మాయ్, ముఖం అలా పెట్టావ్? నీ కాగితం కోసమా?” అంది. ఏ కాగితం అత్తా? “నిన్న బుట్టలో వేశావే, నాలుగు మడతలది.” మూత ఉన్న ఒక డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. అందులో వడగట్టిన కాగితాలు, పొరలు పొరలుగా, ఒక్కోదానికి అంచున చిన్న చిన్న మడతలు. అంకెలు రాయడం రాదు కనుక ఏ బల్లదైతే అన్ని మడతలు పెడుతుందట. నాలుగో బల్ల, నాలుగు మడతలు. విప్పితే లోపల తన చెత్త. తన బిడ్డ. “పారేసింది ఎందుకు తీశావత్తా?” అని అడిగింది నిదానం, అడిగాక తను కూడా ఎందుకుసారులాగే అన్నదని నాలిక్కరుచుకుంది. సీసాలత్త పట్టించుకోలేదు. “లేత రంగు ఉప్పులు వేడికి కూర్చుంటాయే పిచ్చిదానా, లేపాలంటే చల్లటి నీళ్లు చల్లాలి. ఇదంతా మీ పుస్తకాల్లో ఉండదా?” ఉంటుందత్తా, తర్వాతి పేజీలో ఉంటుంది.

కాబట్టి పొద్దుటి నుంచీ పని తలకిందులుగా సాగింది. ఐసు గడ్డల్లో పెట్టిన నీళ్లలో నాలుగు మడతల కాగితాన్ని గీకి, ఫ్రిజ్‌లోని నీళ్లను కూడా కలిపి, చల్లగా ఉండగానే కరిగించి, చల్లగా ఉండగానే వడగట్టి, ఈసారి కాగితం మీద నిజంగానే చెత్త మిగిలింది, అయినా పారేయడానికి చేయి రాక డబ్బాలోనే పెట్టి, ఆ తేట ద్రవాన్ని తెచ్చి తొట్టిలో వేడికి పెట్టింది. రెండూ పదిహేడు. డెబ్బై ఎనిమిది. నీళ్లు. నీళ్లలో తన ముక్కు. ముక్కు వెనక తలుపు అద్దంలో నాన్న ముక్కు. నాన్నకి ఈ సంగతి చెప్పాలా? నాన్నా, నీ పది డిగ్రీల సూత్రం నా కొంప ముంచింది అని? చెబితే ఏమనుకుంటాడు. సెలవు పెట్టి వచ్చాడు, చొక్కా ఇస్త్రీ మడతకి వేలు తెగుతుంది. బాయిలరు దగ్గర నుంచి ఇంటికొచ్చే నాన్న అయితే వేరు, ఒళ్లంతా సెగ, నేరుగా లోపలికి రాడు, మెట్టు మీద కూర్చుంటాడు అరగంట, గాలికి ఒంట్లో వేడి వదిలేదాకా. ఆ వేడి కాస్త వదిలాక లేచి లోపలికొచ్చి అందరిలో కలుస్తాడు, నవ్వుతాడు, అమ్మని ఆటపట్టిస్తాడు. అదే లోపల అమ్మ కూడా ఏదో దాని మీద వేడిగా ఉందనుకో, ఇక రాడు. వదుల్చుకుందామంటే ఎదురుగా ఇంకో పొయ్యి. అక్కడే మెట్టు మీదే గడ్డకట్టుకుని కూర్చుంటాడు. “ఏమయ్యా, లోపలికి రావా?” అని అమ్మ అరిచేకొద్దీ ఇంకా బిగుసుకుంటాడు. ఏ గ్లాసు చన్నీళ్లో తను తెచ్చిస్తే, అప్పుడు మెల్లగా

మెల్లగా. ఆగు. వేడి వదులుకుంటూ లోపల కలవడం. చుట్టూ వేడిగా ఉంటే కలవకపోవడం. నిదానం గిన్నెను చూసింది, తలుపు అద్దాన్ని చూసింది, మళ్లీ గిన్నెను చూసింది. పుస్తకంలో గుణాల పేజీలో రెండో వాక్యం, ఈ ఉప్పు కరిగేటప్పుడు వేడి వెలువడుతుంది, పొద్దున్న నాలుగుసార్లు చదివింది, అర్థమైనట్టే ఉండి అర్థం కాలేదు. తన ఇంటి మెట్టు మీద ఇరవై ఏడేళ్లుగా కూర్చుని ఉంది ఆ వాక్యం.

రెండూ ఇరవై ఎనిమిది. ఎనభై నాలుగు. అర్థమైతే మాత్రం ఏం లాభం, గిన్నెకి తెలియాలి కదా. ఒక్క పలుకు లేదు. ఆమ్లం ఎక్కువైందా? ఫ్రిజ్ నీళ్లు కలపడం తప్పా? పట్టా రాకపోతే కార్ఖానాలో లెక్కలు రాసే పనికి వెళ్లమంటుందా అమ్మ? అమ్మ అనదు. ఎదురింటావిడ అంటుంది. లోహం కుదరలేదటగా అంటుంది, గుడ్డకి అంచు కుడుతూ, తల ఎత్తకుండా. సీసాలత్త బకెట్టుతో పోతూ పోతూ ఆగి గిన్నెలోకి తొంగి చూసింది. “కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి. ఎవరూ కూర్చోరు. మొదటి మనిషి కూర్చోవాలి, అప్పుడు చూడు తోసుకుంటారు.” అత్త ముడతల వేలికొసన ఏదో ఉంది. నాలుగు మడతల కాగితంలో ఒక మడత సందున మిగిలిన ఒక్క పలుకు, ఆవగింజలో సగం. “వెయ్యి.” కదపకూడదన్నారు అత్తా. “కదపమన్నానా? వెయ్యమన్నాను.” మూత సందులోంచి వేసింది. పలుకు మునిగింది. అడుగు చేరింది. ఒంటరిగా, పరాయి ఊరి సత్రంలో మొదట దిగిన ప్రయాణికుడిలా. ఊపిరి బిగబట్టింది నిదానం. సీసాలత్త బకెట్టు కింద పెట్టింది. తలుపు బయట నాన్న కూడా ఎందుకో తెలియకుండానే ఊపిరి బిగబట్టాడు, అద్దం మీద ఆవిరి మచ్చ మాయమైంది.

అప్పుడు కూర్చున్నాయి. ఆ పలుకు పక్కన ఇంకోటి, దాని పక్కన రెండు, గోడ వారగా ఒక వరస, ఎక్కడివక్కడ సర్దుకుంటూ, సూదుల్లా, పలకల్లా, విస్తర్లు వేశాక భోజనాలకి కూర్చున్నట్టు. రెండూ నలభై ఆరుకి అడుగు కనబడలేదు. వడగట్టు, వేడిగా ఉండగానే వడగట్టు, కాగితం పారేయకు, పారేయకు, వేడి నీళ్లతో ఒక్కసారి కడుగు, చన్నీళ్లతో కడిగితే చేతిలోంచే జారిపోతుంది. ఆరబెట్టి తూస్తే ఎనిమిది గ్రాముల చిల్లర. చిన్న సీసాలో పోసి, చీటీ అంటించి, పైకెత్తి చూసింది. నీలం. లేత నీలం. రికార్డులో లేత గులాబీ అని సిరాతో, అందమైన అక్షరాలతో, నిన్ననే రాసిపెట్టుకుంది. రెండూ యాభై ఆరు. ఇది వేరే ఏదో అయింది. పొద్దుటి నుంచీ నేను వేరే ఏదో చేశాను. ఏడో పని, ఏడవకూడదు, ఏడో పని, ఏడవకూడదు. వరండాలో బూట్ల చప్పుడు, ప్రొఫెసరు సారు అతివినయపు దగ్గు.

నాన్న తలుపు తోసుకుని లోపలికొచ్చేశాడు. యంత్రాల జోలికి వెళ్లలేదు. నేరుగా ఆమె దగ్గరికొచ్చి “ఏమైంది తల్లీ?” అన్నాడు. “గులాబీ రంగు ఉండాలి నాన్నా. నీలంగా ఉంది.” నాన్న సీసా వంక చూడలేదు, పైకి చూశాడు, ట్యూబులైట్ల వంక. “ఈ దీపాల కింద రంగు చూస్తావా? ఎవరైనా చూస్తారా? మా దగ్గర చీర రంగు మారిందని ఎవరు గొడవకొచ్చినా ముందు ఎండలోకి తీసుకెళ్తాం, సగం గొడవలు అక్కడే తీరిపోతాయి.” కిటికీలకి ఏదో పరికరం కోసం ఎప్పుడో అంటించిన నల్లకాగితాలు. సీసాలత్త ఒక మూల పట్టుకుని చర్రున లాగింది. ఎండ బల్ల మీద పడింది. నిదానం సీసాను ఎండలో పెట్టింది. గులాబీ. అప్పుడే నిద్రలేచిన పిల్ల బుగ్గలా గులాబీ. నీడలోకి జరిపితే నీలం, ఎండలోకి జరిపితే గులాబీ. ముగ్గురూ నాలుగుసార్లు అటూ ఇటూ జరిపి చూశారు, తలుపు దగ్గర నిలబడి ఎందుకుసారు కూడా చూస్తున్నాడని తెలియక.

“ఏమిటది?” నియోడిమియం సల్ఫేటు సార్, ఎనిమిది నీళ్లతో. “ఎందుకు ఎనిమిది?” తెలియదు సార్. ఆయన కనుబొమ్మలు లేచాయి, ముప్పై ఏళ్లలో ఆ జవాబు ఆయనకి ఎవరూ చెప్పలేదు కాబోలు. “వేడి నీళ్లతో కడిగినట్టున్నావు. ఎందుకు?” వేడిలో తక్కువ కరుగుతుంది సార్. “ఎందుకు?” కరిగేటప్పుడు అది వేడి వదులుతుంది సార్, చుట్టూ ముందే వేడి ఉంటే కరగడానికి మొగ్గదు. “ఎందుకు?” నిదానం వెనక్కి తిరిగింది. “మా నాన్న బాయిలరు దగ్గర్నుంచి వచ్చాక మెట్టు మీద కూర్చుంటాడు సార్...” అని మొదలుపెట్టి మొత్తం చెప్పింది, అమ్మ అరుపుతో సహా, గ్లాసు చన్నీళ్లతో సహా. నాన్న ముఖం ఎండలో పెట్టిన సీసాలా అయింది. ప్రొఫెసరు సారు కళ్లు మూసుకున్నారు. ఎందుకుసారు సీసాను తనే ఒకసారి నీడలోకి జరిపి చూశాడు. “ఇది ఎక్కడ చదివావు?”

ఇదీ అసలు గండం. కాగితం దొరికాక గైడు సారు గదిలోంచి వచ్చి చెప్పారు, చెత్తబుట్ట సంగతి ఎత్తకమ్మా, ఒక్కసారికే వచ్చిందని రికార్డులో రాసెయ్యి అని. రాయడానికి పెన్ను కూడా ఇచ్చారు. కానీ చీటీలో లేని పని ఆమె ఎప్పుడూ చేయలేదు, అబద్ధం చీటీలో లేదు. “చదవలేదు సార్. నిన్న ఉప్పును బుట్టలో పారేసి నీళ్లు దాచుకున్నాను. సీసాలత్త తీసి దాచింది.” గోడ గడియారం మూడు కొట్టడానికి అదే అదనుగా చూసుకుంది. ఎందుకుసారు సీసాలత్త వైపు తిరిగాడు. “మీరు ఎందుకు దాచారు?” సీసాలత్త బకెట్టు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. “పదిహేనేళ్ల కిందట ఒకమ్మాయి ఇలాగే పారేసుకుంది సారూ. రెండు రోజులకి వచ్చి, ఆ కాగితం ఉందా అత్తా అని అడిగింది. నేను పారబోశాను. మళ్లీ చదువుకి రాలేదు. అప్పటి నుంచీ తీసి పెడుతున్నా.” “ఇన్నేళ్లలో ఎవరైనా అడిగారా?” “లేదు సారూ. ఈ అమ్మాయి కూడా అడగలేదు, నేనే చెప్పా.” ఎందుకుసారు రికార్డు తీసుకుని, లేత గులాబీ అన్న మాట పక్కన ‘పగటి వెలుతురులో’ అని తన చేత్తో రాసి, కింద సంతకం పెట్టాడు. ఇంకో ఎందుకు అడగలేదు. ఆ గదిలో అది కూడా మొదటిసారేనట.

పట్టా వచ్చింది. సిద్ధాంత వ్యాసం అట్ట వేయించాక లైబ్రరీలో పెట్టారు. కృతజ్ఞతల పేజీకి ఒక నమూనా ఉంది, హెడ్డుగారు, గైడుగారు, పరీక్షకులు, తల్లిదండ్రులు, మిత్రులు, భగవంతుడు, ఇదీ వరస. సీసాలత్త పేరు నిదానం మూడుసార్లు రాసింది, నమూనాలో లేదని ఆఫీసు గుమాస్తా మూడుసార్లు కొట్టేశాడు, నాలుగోసారి రాసేసరికే ఆ పేజీ అత్త పేరు లేకుండా అచ్చుకి వెళ్లిపోయింది. నాన్న మాత్రం ఉన్నాడు, నాలుగో వరసలో, ఆ పేజీ నకలు కార్ఖానాలో అందరికీ చూపించుకుని తిరిగాడు. ఆ పుస్తకం ఇంతవరకు ఎవరూ తెరిచినట్టు లేదు, కాబట్టి ఇది ఇక్కడ రాయవలసి వచ్చింది. చదివిన మీరు పెద్దగా చేయవలసిందేమీ లేదు. ఎప్పుడైనా ఏదైనా వడగట్టి, మిగిలింది చెత్తే అనుకుని చేయి బుట్ట మీదికి వెళ్లినప్పుడు ఒక్క క్షణం ఆగి, అంకెలు రాకపోయినా అంచు మడతలతో పదిహేనేళ్లు ఎవరూ అడగని కాగితాలు దాచిన సీసాలత్తను ఒకసారి తలచుకోండి.